ఎముక ఒక్కటే సాక్ష్యం కాదు

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పల్లెల్లో పుట్టి పెరిగిన అరవై అయిదేళ్ల మనిషి నడుము నొప్పి తట్టుకోలేక హైదరాబాద్ ఆస్పత్రికి వస్తే ముందుగా తీసేది ఎక్స్‌రే. అందులో వెన్నుపూసలు ఉండాల్సిన దానికన్నా తెల్లగా కనిపించాయనుకోండి. ఎక్స్‌రేలో తెలుపు ఎక్కువైందంటే అక్కడ ఎముక చిక్కబడిందని అర్థం. ఎందుకు చిక్కబడిందని అడిగితే ఈ ప్రాంతంలో పిల్లలు కూడా జవాబు చెప్తారు: ఫ్లోరైడ్ నీళ్లు తాగితే బొక్కలు అట్లనే అయితయి. చాలాసార్లు ఆ జవాబు నిజమే. అయితే ఆ వయసు మగవాళ్లలో అవే వెన్నుపూసలను అలాగే తెల్లబరిచే జబ్బు ఇంకొకటి ఉంది. అది ప్రొస్టేట్ క్యాన్సర్.

ఎముకకు పాకే క్యాన్సర్లలో చాలావరకు ఎముకను తినేస్తాయి. ఎక్స్‌రేలో అవి నల్లటి గుంతల్లా కనిపిస్తాయి. ప్రొస్టేట్ క్యాన్సర్ దారి వేరు. చేరిన చోట ఎముకను కట్టే కణాలను రెచ్చగొట్టి, క్రమం లేని కొత్త ఎముకను పోగేయిస్తుంది. ఫ్లోరైడ్ చేసే పని కూడా దాదాపు అదే. ఒకటి నీటి నుంచి వచ్చిన జబ్బు, మరొకటి మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి నుంచి వచ్చిన జబ్బు. ఫిలిం మీద రెండిటి రంగూ ఒకటే.

ఈ రెండిటినీ వేరుచేసి చూడగలగడం వైద్యశాస్త్రానికి ఒక్క రోజులో అబ్బలేదు. ఆ కథలో కొంత మన నేల మీద, నెల్లూరు, నల్లగొండ పల్లెల్లో నడిచింది. ఎక్కువ భాగం షికాగోలో నడిచింది, చార్లెస్ హగిన్స్ అనే సర్జన్ చేతుల మీదుగా. పగలు రోగులకు ఆపరేషన్లు చేస్తూ, మిగిలిన వేళల్లో ప్రయోగశాలలో గడుపుతూ ప్రొస్టేట్ క్యాన్సర్‌కు తొలిసారి పనిచేసే మందు దారి చూపిన వైద్య శాస్త్రవేత్త ఆయన.

నీళ్లలో దొరికిన కారణం

1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఒక జబ్బును పరిశీలించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. నడివయసుకే రైతుల వెన్ను బిగుసుకుపోతోంది. మెడ తిప్పలేరు, గొంతుకూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. పళ్ల మీద చిన్నప్పటి నుంచీ పసుపు, గోధుమ రంగు మరకలు. వాళ్లు తాగే బావి నీళ్లలో ఫ్లోరైడ్ మోతాదు మించి ఉందని తేలింది. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌కు వైద్య గ్రంథాల్లో చోటు దొరికింది ఈ తెలుగు పల్లెల నుంచే.

ఆ తర్వాత 1955లో ఎ.హెచ్. సిద్దీఖీ రాసిన పరిశోధన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. దాని శీర్షికలోనే నల్లగొండ జిల్లా పేరుంది. వెన్నుపూసల మీద, పక్కటెముకల మీద, తుంటి ఎముకల మీద కొత్త ఎముక ఎలా పేరుకుంటోందో, కీళ్లను కట్టి ఉంచే నరాల్లాంటి బంధనాలు ఎలా ఎముకగా మారిపోతున్నాయో, వెన్నుపాము నలిగి కాళ్లు ఎలా పడిపోతున్నాయో అందులో వివరంగా ఉంది. హైదరాబాద్‌లో న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ వెన్నుపాము నొక్కుళ్ల మీద దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు 1970ల్లో పటిక, సున్నం కలిపి నీటిలోంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలబడి, బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయ్యేలా చేసింది కూడా ఈ నీళ్ల కోసమే.

ఇబ్బందంతా రాయిలో ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట భూముల కింద ఉన్నది గ్రానైట్. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వాన తక్కువ, బోరు లోతు ఎక్కువ. నీళ్లు ఏళ్ల తరబడి రాతి పగుళ్లలో నిలిచి ఆ ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. నీళ్లలో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగుకు దిగుతుంది. కాల్షియం తక్కువైన చోట అది నీళ్లలోనే ఉండిపోతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లే లేని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతున్నాయి.

శరీరంలో నిలిచిపోయిన ఫ్లోరైడ్‌లో చాలా భాగం ఎముకలోనే స్థిరపడుతుంది. ఎముక గట్టిదనానికి మూలం హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికం. గోడలోంచి ఒక ఇటుక తీసి దాదాపు అదే కొలత ఇటుకను పెట్టినట్టు, ఆ స్ఫటికంలోని హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడ్ ఇమిడిపోతుంది. పైగా ఎముకను కట్టే కణాలను ఎక్కువగా పనిచేయిస్తుంది. అలా కట్టిన ఎముక చిక్కగా ఉంటుంది గానీ మంచి ఎముక కాదు. ఎముకలు గుల్లబారిన, ముట్లుడిగిన స్త్రీలకు ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూసిన ఒక అమెరికా పరిశోధన 1990లో వెలువడింది. ఎముక సాంద్రత పెరిగింది, ఎముకలు విరగడం మాత్రం తగ్గలేదు.

మూత్రాశయం నుంచి పుట్టిన ఎముక

చార్లెస్ బ్రెంటన్ హగిన్స్ 1901 సెప్టెంబర్ 22న కెనడాలోని హాలిఫాక్స్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో 1924లో వైద్య పట్టా తీసుకుని, మిషిగన్‌లో సర్జరీ నేర్చుకుని, 1927లో షికాగో విశ్వవిద్యాలయం కొత్తగా మొదలుపెట్టిన వైద్య కళాశాలకు చేరారు. సర్జరీ అధిపతి డాలస్ ఫెమిస్టర్ ఆయనకు మూత్ర వ్యాధుల విభాగం అప్పజెప్పారు. అది ఆయన ప్రత్యేకంగా చదివిన విషయం కాదు. పని చేతికొచ్చాక నేర్చుకున్నారు.

ఆయన తొలి పరిశోధన ప్రొస్టేట్ మీద కాదు, ఎముక మీద. మూత్రాశయం లోపలి పొరను తీసి జంతువు పొట్ట కండరం దగ్గర నాటితే అక్కడ ఎముక మొలుస్తుందని 1931లో చూపించారు. ఎముకతో సంబంధం లేని చోట, మూత్ర మార్గపు కణాల ప్రభావంతో కొత్త ఎముక పుట్టడమన్నది ఆనాటి వైద్యులకు పెద్ద ఆశ్చర్యం. మూత్రాశయానికి ఆనుకుని ఉండే గ్రంథిలో పుట్టిన క్యాన్సర్ వెన్నెముకలో కొత్త ఎముకను ఎందుకు కట్టిస్తోందన్న ప్రశ్న వైపు ఆయన చూపు సహజంగానే మళ్లింది.

ఆ రోజుల్లోనే ఆయన యూరప్ వెళ్లి లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ రాబిసన్ దగ్గర కొంతకాలం పనిచేశారు. ఎముక గట్టిపడే చోట ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఉంటుందని 1923లో చెప్పినవారు రాబిసన్. క్షార మాధ్యమంలో చురుగ్గా పనిచేస్తుంది కాబట్టి దానికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని పేరు. ఎముకను కట్టే కణాలు ఎంత జోరుగా పనిచేస్తే రక్తంలో ఇది అంత పెరుగుతుంది. ఎముకలో జరుగుతున్న పనిని రక్తంలో కొలవవచ్చన్న ఆలోచన హగిన్స్‌కు ఇక్కడ ఒంటబట్టింది. ఆయన తర్వాత చేసిన ప్రతి పనిలోనూ అది కనిపిస్తుంది.

రెండో ఎంజైమ్

1935లో జర్మనీలో కుట్‌షర్, వోల్‌బర్గ్స్ అనే ఇద్దరు ప్రొస్టేట్ గ్రంథిలో ఇంకో రకం ఫాస్ఫటేజ్ విపరీతంగా ఉందని గమనించారు. ఇది ఆమ్ల మాధ్యమంలో పనిచేస్తుంది. అందుకే యాసిడ్ ఫాస్ఫటేజ్. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఎథెల్ గట్‌మన్, అలెగ్జాండర్ గట్‌మన్ దంపతులు తమ సహచరులతో కలిసి, ప్రొస్టేట్ క్యాన్సర్ పాకిన ఎముక ముక్కల్లో అదే యాసిడ్ ఫాస్ఫటేజ్ దండిగా ఉందని చూపించారు. ఎముకకు సొంతంగా అంత యాసిడ్ ఫాస్ఫటేజ్ ఉండదు. అంటే ఎముకలో చేరిన క్యాన్సర్ కణం తాను పుట్టిన గ్రంథి పనిని ఇక్కడ కూడా చేస్తూనే ఉంది. 1938లో అది రక్తంలోకి కూడా చిమ్ముతోందని గట్‌మన్‌లు రాశారు.

దీని విలువ గ్రహించాలంటే రెండు ఎంజైములను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎముకను కట్టే కణాల మాట చెబుతుంది. ఎముక ఏ కారణంతో పేరుకుంటున్నా అది పెరుగుతుంది. ఫ్లోరోసిస్‌లోనూ పెరుగుతుంది. యాసిడ్ ఫాస్ఫటేజ్ మాత్రం ప్రొస్టేట్ మాట చెబుతుంది. తెల్లబడిన వెన్నుపూస చెప్పలేని సంగతిని ఒక రక్తపు చుక్క చెప్పడం మొదలుపెట్టింది అప్పుడే.

కుక్కల నుంచి మనుషులకు

మనిషిలాగే ముసలితనంలో ప్రొస్టేట్ పెరిగే జంతువులు చాలా తక్కువ. వాటిలో కుక్క ఒకటి. హగిన్స్ కుక్కల్లో ప్రొస్టేట్ స్రావాన్ని వేరుగా, రోజులూ నెలలూ సేకరించి కొలిచే శస్త్ర పద్ధతిని 1939 నాటికి సాధించారు. కొలత చేతికొచ్చాక ప్రశ్నలు అడగడం సులువైంది. వృషణాలు తీసేస్తే స్రావం ఆగిపోయింది. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ ఇస్తే మళ్లీ మొదలైంది. ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ ఇస్తే తగ్గింది. ముసలి కుక్కల్లో పెరిగిపోయిన ప్రొస్టేట్ కూడా వృషణాలు తీశాక కుంచించుకుపోయింది.

ఆరోగ్యంగా ఉన్న గ్రంథి హార్మోన్ మీద ఆధారపడితే, దాన్నుంచి పుట్టిన క్యాన్సర్ కూడా ఆధారపడుతుందా? ఆనాటి నమ్మకం దీనికి అడ్డంగా ఉంది. క్యాన్సర్ కణం శరీరపు ఏ అదుపుకూ లొంగదని, తన ఇష్టానికి పెరుగుతుందని వైద్యులు అనుకునేవారు. హగిన్స్ తన దగ్గర శిక్షణ పొందుతున్న క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి, ఎముకలకు క్యాన్సర్ పాకిన రోగుల రక్తంలో రెండు ఫాస్ఫటేజ్‌లనూ వరుసగా కొలిచారు. వృషణాలు తీసినా, ఈస్ట్రోజన్ ఇచ్చినా యాసిడ్ ఫాస్ఫటేజ్ పడిపోయింది. టెస్టోస్టిరాన్ ఇస్తే పెరిగింది. 1941లో క్యాన్సర్ రిసర్చ్ పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. అదే ఏడాది ఆర్. స్టీవెన్స్‌నూ కలుపుకుని, బాగా ముదిరిన 21 మంది రోగులకు వృషణాలు తీసిన ఫలితాలను ప్రకటించారు. ఎక్కువమందికి మేలు జరిగింది. మందులతో నొప్పిని అణచుకుంటూ మంచం పట్టిన మనుషుల్లో కొందరికి రోజుల్లోనే నొప్పి తగ్గింది, ఆకలి వేసింది, లేచి నడిచారు.

క్యాన్సర్ ఒంటినిండా పాకాక శరీరంలోని ఒక రసాయనాన్ని తగ్గించి దాన్ని వెనక్కి తగ్గించడం వైద్య చరిత్రలో కొత్త సంగతి. క్యాన్సర్‌కు మందులతో చికిత్స చేయవచ్చన్న ఆశకు అది బలమైన పునాది అయింది. దీనికి నోబెల్ బహుమతి వచ్చింది 1966లో, పాతికేళ్ల తర్వాత. కోళ్లలో క్యాన్సర్ కలిగించే వైరస్‌ను కనిపెట్టిన పేటన్ రూస్‌తో దాన్ని పంచుకున్నారు. 1951లో మొదలైన బెన్ మే క్యాన్సర్ ప్రయోగశాలను హగిన్స్ 1969 వరకు నడిపారు. ఆయన పిలిచి చేర్చుకున్న ఎల్వుడ్ జెన్‌సన్ ఆ ప్రయోగశాలలోనే ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని కనిపెట్టారు. రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలకు ఎవరికి హార్మోన్ మందు పనిచేస్తుందో ముందే తెలుసుకునే దారి దాంతో తెరుచుకుంది. హగిన్స్ 1997 జనవరి 12న, 95 ఏళ్ల వయసులో షికాగోలో కన్నుమూశారు.

వెన్నుకే ఎందుకు పాకుతుంది

హగిన్స్ రక్తాన్ని కొలుస్తున్న రోజుల్లోనే ఫిలడెల్ఫియాలో ఆస్కార్ బాట్సన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఇంకో ముడి విప్పారు. రక్తం మామూలుగా ఉదర సిరల గుండా గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఆ లెక్కన ప్రొస్టేట్ క్యాన్సర్ ముందు ఊపిరితిత్తుల్లో కనపడాలి. కానీ ముందు వెన్నులో కనపడుతోంది. 1940లో బాట్సన్ శవాల్లో జననాంగపు సిరలోకి ఎక్స్‌రేలో కనిపించే రంగు ద్రవం ఎక్కించి ఫొటోలు తీశారు. అది వెన్నుపూసల చుట్టూ అల్లుకున్న సిరల వలలోకి పాకింది. ఆ సిరల్లో కవాటాలు లేవు. దగ్గినప్పుడో, ముక్కినప్పుడో, బరువెత్తినప్పుడో పొట్టలో ఒత్తిడి పెరిగితే రక్తం అటు మళ్లుతుంది. కటి భాగం నుంచి వెన్నుకు సూటిగా ఒక దారి ఉందని ఆ ఫొటోలతో తేలింది. నడుము దగ్గర వెన్నుపూసలు, తుంటి ఎముకలు ఈ క్యాన్సర్‌కు తొలి మజిలీలు కావడానికి అదొక కారణం. ఫ్లోరోసిస్ ముందుగా గట్టిగా పట్టేది కూడా వెన్నునూ తుంటినే కావడంతో మన ప్రాంతంలో చిక్కు మరింత పెరిగింది.

హగిన్స్ వదిలిన దారిలో

హగిన్స్ చికిత్సకు ఒక హద్దుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లకో, ఇంకొన్నేళ్లకో క్యాన్సర్ మళ్లీ లేస్తుంది. వృషణాలు పోయినా మగ హార్మోన్ మరో చోట నుంచి వస్తోందని హగిన్స్ అనుమానించి, 1945లో మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులను కూడా తీసి చూశారు. అప్పటికి అడ్రినల్ లోటు తీర్చే కార్టిజోన్ మందుగా అందుబాటులో లేదు. అడ్రినల్ లేకుండా ఆ రోగులు బతకలేకపోయారు. ఆలోచన మాత్రం సరైనదే. 2011లో అమెరికాలో అనుమతి పొందిన అబిరటరోన్ మాత్ర చేసేది అడ్రినల్‌లోనూ, క్యాన్సర్ కణంలోనూ మగ హార్మోన్ తయారీని ఆపడమే. దానితో పాటు కార్టిజోన్ కోవకే చెందిన ప్రెడ్నిసొలోన్ తప్పనిసరిగా ఇస్తారు. 1945లో ఆ రోగులకు కరువైన ఆసరా అదే. ఈ మాత్రను ఇప్పుడు మన దేశపు కంపెనీలు కూడా తయారుచేస్తున్నాయి.

ఈస్ట్రోజన్ మాత్రల కథ వేరే మలుపు తిరిగింది. 1938లో కృత్రిమంగా తయారైన స్టిల్‌బెస్ట్రాల్ చౌక, నోటితో మింగేది. అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో 1960ల్లో జరిగిన పరిశోధనలో ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు పెరిగాయని తేలింది. తర్వాత ఆండ్రూ షాలీ మెదడు నుంచి విడుదలయ్యే ఒక చిన్న హార్మోన్ నిర్మాణాన్ని 1971లో విప్పారు, 1977లో నోబెల్ పంచుకున్నారు. దాన్ని పోలిన మందును ఆపకుండా ఇస్తే శరీరం టెస్టోస్టిరాన్ తయారీని మానేస్తుంది. 1982లో ప్రొస్టేట్ రోగుల్లో ఇది పనిచేస్తుందని తెలిసింది. ఇప్పుడు నెలకో, మూడు నెలలకో ఇచ్చే ఇంజెక్షన్ అదే. ఇంజెక్షన్ల ఖర్చు మోయలేని చోట, పదేపదే పట్నం రాలేని చోట, హగిన్స్ చేసిన చిన్న ఆపరేషనే ఇప్పటికీ చేస్తున్నారు. ఆపరేషన్ అనగానే మగతనం పోతుందని వెనక్కి తగ్గేవాళ్లున్నారు. ఇంజెక్షన్ చేసేది కూడా అదే పని. రెండిటిలో ఏదైనా నొప్పి నుంచి, కాళ్లు పడిపోవడం నుంచి కాపాడేదే.

బఫెలోలో రెండు ఆవిష్కరణలు

యాసిడ్ ఫాస్ఫటేజ్‌కు ఒక లోపముంది. జబ్బు ముదిరాకే అది బాగా పెరిగేది. 1979లో న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలోని రాస్వెల్ పార్క్ సంస్థలో మింగ్ చు బృందం ప్రొస్టేట్ కణజాలం నుంచి ఒక ప్రోటీన్‌ను శుద్ధి చేసింది. పీఎస్ఏ అని ఇప్పుడు ప్రతి ల్యాబ్ రిపోర్టులో చూసేది దాన్నే. ఇది చాలా ముందుగానే పెరుగుతుంది. చికిత్స పనిచేస్తోందో లేదో కనిపెట్టి చూసే పరీక్షగా 1986లో, జబ్బును గుర్తించడానికి సాయపడే పరీక్షగా 1994లో అమెరికాలో అనుమతి వచ్చింది.

అదే రాస్వెల్ పార్క్‌లో 1962లో మాంటీ బ్లౌ, ఆయన సహచరులు ఇంకో పని చేశారు. ఫ్లోరిన్ 18 అనే రేడియోధార్మిక రూపాన్ని ఫ్లోరైడ్‌గా రక్తంలోకి ఎక్కించి, ఎముకలో అది ఎక్కడ చేరుతుందో బయట నుంచి చూశారు. కొత్త ఎముక ఎక్కడ జోరుగా పుడుతోందో ఫ్లోరైడ్ అక్కడికే ఎక్కువగా వెళ్లింది. ప్రొస్టేట్ క్యాన్సర్ పాకిన మచ్చలు అలా బయటపడ్డాయి. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలోకి ఏ స్థానంలో ఇముడుతుందో, ఇది కూడా ఆ స్థానంలోనే ఇముడుతుంది. తేడా మోతాదులో, కాలంలో ఉంది. స్కాన్‌కు ఎక్కించేది రసాయనంగా చూస్తే లెక్కలోకి రానంత, సుమారు 110 నిమిషాలకోసారి సగం తరిగిపోతుంది. నీళ్ల ద్వారా వచ్చేది రోజూ వస్తుంది, ఏళ్ల తరబడి పేరుకుంటుంది. మన పల్లెలను వంచిన మూలకమే ఆస్పత్రిలో క్యాన్సర్ జాడ చూపించే సాధనం కూడా అయింది.

1971లో గోపాల్ సుబ్రమణియన్, జాన్ మెకాఫీ టెక్నీషియం జత చేసిన ఫాస్ఫేట్‌తో చవకైన ఎముక స్కాన్‌ను తెచ్చాక ఫ్లోరిన్ 18 వెనకబడింది. పెట్ స్కానర్లు వచ్చాక మళ్లీ వాడుకలోకి వచ్చింది. ఈమధ్య ప్రొస్టేట్ కణం మీద ఉండే పీఎస్ఎంఏ అనే ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే స్కాన్‌లు వచ్చాయి. ఇవి ఎముకను గాక నేరుగా క్యాన్సర్ కణాన్నే చూపిస్తాయి.

మళ్లీ మన మెట్ట నేలకు

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఫ్లోరోసిస్‌లో చిక్కదనం వెన్నంతా, తుంటంతా ఇంచుమించు సమంగా పరుచుకుంటుంది. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పొర కూడా ఎముకగా గట్టిపడుతుంది. ముంజేతి ఎక్స్‌రేలో అది తేలిగ్గా కనిపిస్తుంది. క్యాన్సర్ మచ్చలు మచ్చలుగా, ఒక పూసలో ఎక్కువ ఒక పూసలో తక్కువగా ఉంటుంది. అయితే ముదిరిన క్యాన్సర్ వెన్నంతా నిండిపోయి ఈ తేడాను చెరిపేయగలదు. ఎముక స్కాన్‌లో కూడా ఫ్లోరోసిస్ ఉన్న అస్థిపంజరమంతా ఒకేలా వెలిగి, విస్తరించిన క్యాన్సర్‌ను పోలి ఉండవచ్చు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండిటిలోనూ పెరుగుతుంది. ఇన్నిటి మధ్య ఫ్లోరైడ్‌తో పెరగనిది పీఎస్ఏ. ఎముకలో మచ్చలుండి పీఎస్ఏ బాగా ఎక్కువగా ఉంటే ప్రొస్టేట్‌ను అనుమానించాల్సిందే. పీఎస్ఏ మామూలుగా ఉంటే ఫ్లోరైడ్ జవాబుకు బలం పెరుగుతుంది. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చన్నది మరవకూడదు. ఫ్లోరోసిస్ ఉంది కాబట్టి క్యాన్సర్ రాదన్న హామీ ఎక్కడా లేదు.

పీఎస్ఏ పెరిగిన ప్రతివారికీ క్యాన్సర్ ఉన్నట్టు కాదు. వయసుతో గ్రంథి పెరిగినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా అది పెరుగుతుంది. మళ్లీ చూడాలి, అవసరమైతే ఎంఆర్ఐ, ఆపై ముక్క తీసి పరీక్ష. ఏ బాధా లేని ప్రతి ముసలాయనకూ పరీక్ష చేయాలా అన్నదాని మీద వైద్యుల్లోనే భేదాభిప్రాయాలున్నాయి. నెమ్మదిగా పెరిగే క్యాన్సర్లు చాలా ఉంటాయి, వాటిని కొన్నిసార్లు కనిపెట్టుకుని ఉంటే చాలు. కానీ బాధ ఉన్న మనిషి సంగతి వేరు. ఆయనకు పరీక్ష చేయకపోవడానికి కారణం లేదు.

పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీగా ముప్పయ్యేళ్లు పరాయి ఊళ్లలో మట్టి మోసిన మనిషికి నడుము నొస్తే ఇంట్లో అనేది, బరువులు మోసినవు, నొయ్యక ఏం జేస్తది అనే. నల్లగొండలో అయితే నీళ్ల మీద నెట్టేస్తారు. ఊళ్లో ఆర్ఎంపీ సూది వేస్తాడు, నాలుగు రోజులు తగ్గుతుంది. ఆ నాలుగు రోజులు నాలుగు నెలలవుతాయి. ఈ నిర్లక్ష్యాన్ని కేవలం ఆ కుటుంబాల మీద వేయడం న్యాయం కాదు. ఇక్కడి ప్రజలు ఎముక నొప్పితో బతకడం తరాలుగా అలవాటు చేసుకోవాల్సి వచ్చింది. అలవాటైన నొప్పిలో కొత్త నొప్పి దాక్కుంటుంది. వాళ్లను చూసే వైద్యులు, నర్సులు, ఆశా కార్యకర్తలు దాన్ని వెతికి పట్టుకోవాలి.

వసతులు లేని రోజులు కావివి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి 1955 నుంచి ఉంది. సిద్దీఖీ నల్లగొండ మీద రాసిన ఏడే అది. పేదలకు ఉచిత చికిత్స ఇచ్చే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. తాగునీటి పథకం మిషన్ భగీరథతో నది నీళ్లు పల్లెలకు చేరాక పిల్లల పళ్ల మీద, ఎముకల మీద కొత్తగా పడే భారం తగ్గుతుంది. ఇప్పటికే అరవై దాటినవాళ్ల ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ మాత్రం వాళ్లతోనే ఉంటుంది. కాబట్టి ఈ అయోమయం ఇంకో తరం పాటు మన ఆస్పత్రుల్లో ఉండబోతోంది.

హగిన్స్ జీవితం నేర్పేది ఒకటే: ఎముకను చూసి ఊహించవద్దు, రక్తంలో కొలవండి. ఆ కొలత ఇప్పుడు జిల్లా కేంద్రంలో దొరికే ఒక మామూలు రక్త పరీక్ష.

మీ ఇంట్లో యాభై దాటిన మగవాళ్లకు వారాల తరబడి తగ్గని నడుము నొప్పి ఉంటే, ముఖ్యంగా రాత్రిపూట పడుకున్నా వదలని నొప్పి అయితే, ఒంటేలు సన్నగా, ఆగి ఆగి వస్తుంటే, ఒంట్లో బరువు తగ్గుతుంటే, డాక్టర్‌ను పీఎస్ఏ గురించి అడగండి. కాళ్లలో బలం తగ్గుతున్నట్టు, తిమ్మిరెక్కుతున్నట్టు, మూత్రం గానీ విరేచనం గానీ ఆధీనం తప్పుతున్నట్టు అనిపిస్తే మరుసటి రోజు దాకా ఆగకండి, అదే రోజు పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి. వెన్నుపాము నలుగుతున్నప్పుడు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. నెపం నీళ్ల మీద వేసే ముందు ఒక్కసారి రక్తం పరీక్ష చేయించండి.